ఊపిరి చప్పుడు

నీళ్ళలో ఊపిరి పీల్చడం నేర్పేవాళ్ళు అన్నిటికన్నా ముందు చెప్పే మాట ఒకటుంది: ఊపిరి బిగబట్టొద్దు. పది మీటర్ల లోతుకు దిగేసరికి మన మీద ఒత్తిడి రెండింతలవుతుంది. అక్కడ నిండా పీల్చిన గాలిని బిగబట్టుకుని పైకొస్తే అది ఊపిరితిత్తుల్లోనే ఉబ్బి వాటిని చీల్చేస్తుంది. అందుకని పీలుస్తూనే ఉండాలి, వదులుతూనే ఉండాలి. 2014 అక్టోబరులో, ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ పట్నంలో, ఒక ఈతకొలను అడుగున మోకాళ్ళ మీద కూర్చుని ఈ పాఠం నేర్చుకున్నాను.

కంపెనీ పని మీద ఆరు నెలలకని సిడ్నీ వచ్చాను. పని ముగిసే ముందు పది రోజులు సెలవు దొరికింది. తోటివాళ్ళు మెల్‌బోర్న్ వెళ్దామన్నారు. నాకెందుకో సముద్రంలోకి దిగాలనిపించింది.

విశాఖ ఉక్కునగరంలో పెరిగినదాన్ని. సముద్రం మాకు కూతవేటు దూరం. కార్తీక మాసంలో అప్పికొండ సోమేశ్వరుడి గుడికి వెళ్ళేవాళ్ళం. దర్శనమయ్యాక ఇసకలో ఆడుకుంటూ మోకాలి లోతు దాటితే చాలు, ఒడ్డు నుంచి అమ్మ కేకలు. మా తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి. సముద్రానికి దణ్ణం పెట్టడం తెలుసు, పాదాలు తడుపుకోవడం తెలుసు. దాని కడుపులో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఈత కూడా నేను హైదరాబాదులో ఉద్యోగం వచ్చాకే నేర్చుకున్నాను, ఇరవై ఆరేళ్ళు దాటాక.

రెండు రోజులు కొలనులోనే గడిచాయి. నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ తీసేసి, మళ్ళీ వెతికి పట్టుకుని పెట్టుకోవడం. మాస్క్‌లోకి నీళ్ళు రానిచ్చి, ముక్కుతో గాలి ఊది వాటిని బయటికి నెట్టడం. లోతుకు దిగుతుంటే చెవులు నొప్పెడతాయి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే 'టక్'మని తెరుచుకుంటాయి. మాటలుండవు, చేతి సైగలే. బొటనవేలు పైకెత్తితే మనకు బాగుందని అర్థం, అక్కడ పైకి పోదామని. నా భయమంతా మాస్క్ దగ్గరే. కళ్ళలో నీళ్ళు పడగానే ముక్కుతో పీల్చేసేదాన్ని, ఉక్కిరిబిక్కిరై పైకి తన్నుకొచ్చేదాన్ని. ఇన్‌స్ట్రక్టర్ నా వయసు అమ్మాయే. విసుక్కోకుండా తొమ్మిదిసార్లు చేయించింది. తొమ్మిదోసారి కళ్ళు మూసుకుని, 'పీలుస్తూనే ఉండాలి, వదులుతూనే ఉండాలి' అని లోపల అనుకుంటూ ఊదాను. కళ్ళు తెరిస్తే మాస్క్ ఖాళీగా, శుభ్రంగా ఉంది.

మూడో రోజు పడవెక్కించారు. రెండు గంటల ప్రయాణం తర్వాత నార్మన్ రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర ఆపారు. పైనుంచి చూస్తే ముదురు నీలం మధ్య ఒక లేత పచ్చ మరక, అంతే. తాడు పట్టుకుని దిగాను. ఐదు మీటర్లు, ఎనిమిది, పన్నెండు. నా ఊపిరి నాకే పెద్ద చప్పుడుగా వినిపిస్తోంది. పీల్చినప్పుడు బుస, వదిలినప్పుడు బుడగల గలగల. ఆ చప్పుడుకి అలవాటు పడ్డాక దాని వెనకాల ఇంకొకటి వినపడింది. నలుమూలల నుంచీ ఆగకుండా చిటపట, పోపులో ఆవాలు వేగుతున్నట్టు. రీఫ్ సందుల్లో ఉండే చిన్న రొయ్యలు గోళ్ళు విదిల్చే శబ్దమట అది. రీఫ్ ఆరోగ్యంగా ఉన్నచోట ఆ చిటపట జోరుగా ఉంటుందని తర్వాత తెలిసింది.

అప్పుడు చూశాను. జింక కొమ్ముల్లాంటివి, కొసలు నీలంగా. మెదడు మడతల్లాంటివి. ఏనుగంత గుండ్రాళ్ళు, తేనెరంగులో. విస్తరి పరిచినట్టు రెండు మీటర్ల వెడల్పున ఒకటి, దాని నీడలో చారల చేపలు ఇరవై దాకా వరస కట్టి నిలబడి ఉన్నాయి. చిలక చేప ఒకటి ముక్కుతో పగడాన్ని కొరుకుతుంటే కరకరమని స్పష్టంగా వినిపించింది. అది మింగి విసర్జించిన పొడే ఇక్కడి దీవుల తెల్లటి ఇసక. ఒక తాబేలు నా పక్కనుంచే, నన్నసలు లెక్కచేయకుండా, నిదానంగా వెళ్ళిపోయింది. ట్యాంకులో 200 బార్ గాలితో దిగితే 50కి వచ్చేసరికి పైకి రావాలి. నాకు నలభై నిమిషాలు నాలుగు నిమిషాల్లా గడిచాయి. ఆ విస్తరి పగడం చుట్టూ తిరుగుతున్న నన్ను మా ఇన్‌స్ట్రక్టర్ చిన్న కెమెరాతో వీడియో తీసి ఇచ్చింది.

మా అమ్మమ్మ నల్లపూసల గొలుసులో రెండు పగడాలుండేవి. పగడమంటే అదే అనుకుంటూ పెరిగాను, ఎర్రటి పూస అని. ఆ ఎర్ర పగడం జాతి వేరు, అది లోతైన చీకటి నీళ్ళలో పెరుగుతుంది. దిబ్బలు కట్టే పగడానికి ఎండ కావాలి. గోరంత కూడా ఉండని జంతువది. తన చుట్టూ సున్నపురాయి గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో కంటికి కనపడని నాచుకణాలు కాపురముంటాయి. అవి ఎండతో వంట చేసి, వండినదాంట్లో నూటికి తొంభై వంతుల దాకా ఆతిథ్యమిచ్చిన పగడానికే పెడతాయి. పగడం వాటికి నీడనిస్తుంది, తన వ్యర్థాలనే ఎరువుగా ఇస్తుంది. నేను చూసిన రంగుల్లో చాలావరకు ఆ నాచువే. ఈ కాపురం మీదే గ్రేట్ బారియర్ రీఫ్ అనే 2,300 కిలోమీటర్ల సామ్రాజ్యం నిలబడింది. మన ఆంధ్ర తీరానికి రెండింతల పైన పొడవు, మూడు వేలకు దగ్గరగా దిబ్బలు. 1770 జూన్‌లో ఒక రాత్రి కెప్టెన్ కుక్ ఓడ అడుగు చీల్చింది ఈ గోడే. రెండు నెలల తర్వాత ఆయన లిజర్డ్ దీవి కొండెక్కి, ఈ గోడల మధ్య నుంచి బయటికి దారెక్కడుందా అని వెతుక్కున్నాడు. ఆ దీవికి డింగాల్ జనం పెట్టుకున్న పేరు జీగుర్రు.

పడవ మీద ఒక పెద్దాయన ఉండేవాడు, ముప్ఫై ఏళ్ళుగా ఈ నీళ్ళలో దిగుతున్నవాడు. రాత్రి అన్నాలయ్యాక ఒక కథ చెప్పాడు. 1967లో చెరకు రైతు ఒకాయన ఎల్లిసన్ రీఫ్‌లో సున్నం తవ్వుకోవడానికి అనుమతి అడిగాడు. అది ఎలాగూ చచ్చిపోయిన దిబ్బే కదా అన్నది ఆయన వాదన. పైనుంచి చూసేవాళ్ళకి కాదనడానికి ఆధారమేముంది? అప్పుడు బ్రిస్బేన్ నుంచి విద్యార్థులు కొందరు ట్యాంకులు తగిలించుకుని దిగారు. ఎన్ని రకాల పగడాలున్నాయో, ఎన్ని రకాల చేపలున్నాయో లెక్కపెట్టుకొచ్చి, ఇది బతికే ఉందని విచారణలో సాక్ష్యం చెప్పారు. అనుమతి రాలేదు. కవయిత్రి జుడిత్ రైట్, ఆమె మిత్రులు ఆ పోరాటాన్ని అక్కడితో ఆపలేదు. చమురు బావులు తవ్వుదామన్నవాళ్ళనీ అడ్డుకున్నారు. 1975లో ఈ దిబ్బల్ని కాపాడే చట్టం వచ్చింది, 1981లో ఇవి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. దిగి చూసినవాళ్ళ మాట మీద ఈ దిబ్బ నిలబడిందని ఆయన అంటుంటే, సర్టిఫికెట్ చేతికి రావడానికి ఇంకా ఒక రోజున్న నాకు కూడా గర్వంగా అనిపించింది.

2016 ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళాను. అప్పటికి నా ఉద్యోగం బ్రిస్బేన్‌కి మారింది. ఈసారి ఉత్తరాన రిబ్బన్ రీఫ్స్ మీదుగా లిజర్డ్ దీవి దాకా నాలుగు రోజుల పడవ. ఆరు నెలల ముందే డబ్బు కట్టుకున్నాను. వార్తలు మార్చిలోనే మొదలయ్యాయి. సముద్రం వేడెక్కుతోందని, పగడాలు తెల్లబడుతున్నాయని. 1998లో తెల్లబడ్డాయి, 2002లోనూ తెల్లబడ్డాయి, తేరుకున్నాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

నీళ్ళలోకి దూకగానే ఒళ్ళు చల్లబడాలి. పడలేదు. చేతికున్న కంప్యూటర్ 29 డిగ్రీలు చూపించింది. కిందికి చూస్తే ఎండలో ఆరేసిన ఎముకల్లా తెలుపు, చూపు ఆనినంత మేరా. పగడాలు ఏటా చూసే ఎండాకాలపు వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే నిలిచిపోతే, వండిపెట్టే నాచే విషం వెళ్ళగక్కడం మొదలుపెడుతుంది. పగడం దాన్ని బయటికి తోసేస్తుంది. ఇక మిగిలేది గాజులాంటి ఒళ్ళు, అందులోంచి కనిపించే సున్నపు ఎముక. తెల్లబడిన పగడం చచ్చిపోయినట్టు కాదు. ఆకలితో ఉంటుంది. నీళ్ళు చల్లబడితే నాచు తిరిగి రావచ్చు, కాపురం మళ్ళీ నిలబడొచ్చు. అందుకే ఆ తెలుపు అంత క్రూరంగా కనిపించింది నాకు. అది సాయం అడుగుతున్న రంగు. అక్కడక్కడ కొన్ని కొమ్మలు మునుపెన్నడూ లేనంత ప్రకాశంగా ఊదా, పసుపు రంగుల్లో వెలుగుతున్నాయి. తెలియనివాళ్ళు ఎంత అందం అనుకుంటారు.

లిజర్డ్ దీవి దగ్గర అది కూడా లేదు. 2014లో ఒక తుపాను, 2015లో ఇంకొకటి దాన్ని అప్పటికే చితక్కొట్టాయి. మిగిలినదాని మీద ఈ వేడి పడింది. తెలుపు దశ దాటిపోయి, కొమ్మల మీద గోధుమరంగు నాచు పీచులా వేలాడుతోంది. మెత్తటి పగడాలు కుళ్ళి ముద్దలుగా జారుతున్నాయి. చేపలు లేవని కాదు, ఉన్నాయి. ఇల్లు కాలిపోయాక వాకిట్లోనే తిరుగుతున్నవాళ్ళలా, అలవాటైన కొమ్మ చుట్టూనే తిరుగుతున్నాయి. చిటపట సన్నగా వినిపిస్తోంది. నా ఊపిరే పెద్దగా ఉంది. పైకొచ్చి వెట్‌సూట్ విప్పితే కుళ్ళిన చేపల వాసన, బట్టలకి, జుట్టుకి.

ప్రతి డైవ్ తర్వాతా అందరం లాగ్‌బుక్కులు ముందేసుకుని కూర్చోవడం ఆనవాయితీ. ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, ఏం చూశాం. నువ్వది చూశావా, ఇది చూశావా అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చెప్పుకుంటారు. ఆ సాయంత్రం ఎవరూ పెన్ను తీయలేదు.

అదే రోజుల్లో టెర్రీ హ్యూస్ అనే శాస్త్రవేత్త బృందం చిన్న విమానాల్లో, హెలికాప్టర్లో తిరిగి 911 దిబ్బల్ని పైనుంచి చూసింది. తెల్లబడకుండా తప్పించుకున్నవి నూటికి ఏడు. ఆ పటాన్ని తన విద్యార్థులకు చూపించి, అందరం ఏడ్చామని ఆయనే లోకానికి చెప్పుకున్నాడు. ఆకలితో మెల్లగా చనిపోతాయనుకున్న పగడాలు చాలాచోట్ల ఆకలి దాకా కూడా ఆగలేదు. వేడికే రెండు మూడు వారాల్లో ఉడికిపోయాయి. దక్షిణ భాగం మాత్రం బతికింది. ఫిజీని కూల్చిన విన్‌స్టన్ తుపాను శేషం మబ్బూ వానా మోసుకొచ్చి అక్కడి నీళ్ళని చల్లార్చింది. ఒకరి కొంప కూల్చిన గాలి ఇంకొకరికి నీడైంది. అదీ ఆ ఒక్క ఏడాదికే.

ఆ ఏడాది మార్చి నుంచి నవంబరు లోపల, లోతు తక్కువ నీళ్ళలోని పగడాల్లో 30 శాతం పోయాయి. 2017లో మళ్ళీ వేడి. ఈసారి సముద్రాన్ని వేడెక్కించే ఎల్‌నినో కూడా లేదు. కెయిర్న్స్ నుంచి కింద టౌన్స్‌విల్ దాకా మధ్యభాగాన్ని కొట్టింది. రెండేళ్ళు కలిపి సగం. మనుషులు ముట్టుకుంటే పగడాలు పాడవుతాయని, డైవింగ్ చేసేవాళ్ళ వల్లే ఇదంతా అని తెలిసినవాళ్ళే నాతో అన్నారు. నా ఫిన్ తగిలి ఒక కొమ్మ విరిగితే అది నా తప్పే. కానీ పడవలు ఏడాది పొడుగునా తొంగి చూడని మారుమూల ఉత్తరపు దిబ్బలే అన్నిటికన్నా ముందు పోయాయి.

లిజర్డ్ దీవి నుంచి వచ్చిన రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. చూసిందంతా చెప్పాను. చాలాసేపు విని, "నీళ్ళు ఎందుకు వేడెక్కాయమ్మా?" అన్నారు.

ఏం చెప్పను? నాన్న విశాఖ ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్స్‌లో పనిచేశారు. 1989లో చేరారు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, ఉక్కుకి పనికొచ్చే మంచి కోక్ దాంతో రాదు. అందుకని ప్లాంటుకి ఆస్ట్రేలియా బొగ్గు వచ్చేది, మొదట్లో విశాఖ ఔటర్ హార్బర్‌కి, తర్వాత మా ఊరి పక్కనే వెలసిన గంగవరం పోర్టుకి. దాన్ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన గంటల తరబడి కాల్చి కోక్ చేస్తారు. అది గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల్లోకి వెళ్తుంది. ఒక టన్ను ఉక్కు వెనక రెండు టన్నుల పైనే బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. నాన్న బట్టలు అమ్మ ఎప్పుడూ విడిగా ఉతికేది. రెండో నీళ్ళు కూడా నల్లగానే ఉండేవి. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను. "ఆస్ట్రేలియా షిప్ వచ్చింది" అంటూ నాన్న సంతోషంగా ఇంటికొచ్చిన రోజులు నాకు గుర్తే. ఏ రేవు నుంచి వచ్చిందని నేనెప్పుడూ అడగలేదు. క్వీన్స్‌లాండ్ గనుల బొగ్గు మకై పట్నం పక్కన హే పాయింట్‌లో ఓడకెక్కుతుంది. ఆ ఓడలు పైలట్‌ని పెట్టుకుని, ఈ దిబ్బల మధ్య ఉన్న దారి లోంచే మెల్లగా బయటి సముద్రంలోకి వస్తాయి.

"బొగ్గు పొగ వల్ల నాన్నా, ప్రపంచమంతటి పొగ వల్ల" అన్నాను.

"ఆ బొగ్గు అక్కడిదే కదా" అన్నారు. అది ప్రశ్నో, తనలో తను అనుకున్నదో తెలియలేదు. విశాఖ ఉక్కు కోసం ముప్ఫై రెండు మంది ప్రాణాలిచ్చారని చిన్నప్పుడు నన్ను కూర్చోబెట్టుకుని చెప్పిన మనిషి. ఆ ప్లాంటు ఆయనకు తల్లి. ఆ రాత్రి ఆయన మనసు కష్టపెట్టానని నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పకుండా దాచి ఉంటే నయమని మాత్రం ఇప్పటికీ అనుకోను.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి మనసు రాదు కాబట్టి. ఈ పగడాలు ఏడాదికొక్కసారి, అక్టోబరు నవంబరుల్లో పున్నమి దాటిన నాలుగైదు రాత్రుల తర్వాత, అన్నీ కలిసి గుడ్లు విడుస్తాయి. దాదాపు మన కార్తీక పున్నమి వేళకే. 1980ల మొదట్లో టౌన్స్‌విల్ దగ్గర మాగ్నెటిక్ దీవిలో ఆ రహస్యం బయటపడింది. మేం అప్పికొండలో దీపాలు పెట్టే రోజుల్లో అక్కడ సముద్రం నిండా గులాబీరంగు చుక్కలు పైకి లేచేవన్నమాట. 2018లో లెక్కపెడితే, వచ్చి దిబ్బల మీద వాలే పిల్ల పగడాలు మునుపటికన్నా 89 శాతం తగ్గాయి. 2020లో మళ్ళీ తెల్లబడ్డాయి. 2022లో మళ్ళీ, అది లానినా ఏడాది, చల్లగా ఉండాల్సిన ఏడాది. ఆ ఏడాదే ఉత్తరాన, మధ్యభాగాన పగడాల విస్తీర్ణం 36 ఏళ్ళలో ఎన్నడూ లేనంత పెరిగిందని కూడా లెక్క వచ్చింది. అబద్ధం కాదది. త్వరగా ఎదిగే కొమ్మల జాతులు ఖాళీ దొరికినచోటల్లా లేచాయి. ఆ వార్త చదివి ఎంత ఆశ పెట్టుకున్నానో! వేడికి ముందుగా పడిపోయేవీ ఆ కొమ్మలే. 2024లో ఉత్తరం, మధ్య, దక్షిణం మూడూ కాలాయి. ఏనుగంత గుండ్రాళ్ళున్నాయని చెప్పానే, అవి ఏడాదికి సెంటీమీటరు చొప్పున పెరుగుతూ ఏ ఏట నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో తమ ఒంట్లోనే రాసుకుంటాయి. శాసనాల్లాంటివి. వాటిని చదివినవాళ్ళు 400 ఏళ్ళలో ఆ సముద్రం ఇంత వేడి చూడలేదని తేల్చారు. ఆ ఏడాది లిజర్డ్ దీవి దగ్గర కొలిచినచోట్ల నూటికి తొంభై పైన పోయాయి. జీగుర్రు అని పిలుచుకున్నవాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఆ తీరాన ఉన్నారు. వాళ్ళు పోగొట్టుకున్నదాని ముందు నా దుఃఖం ఎంతని? చుట్టంచూపుగా నాలుగుసార్లు వెళ్ళినదాన్ని.

ఎల్లిసన్ రీఫ్ పిల్లలు దిగి, బతికే ఉందని చెప్పగలిగారు. ఒకే ఒక్క రైతు, ఒకే దిబ్బ. ఎవరి ముందు సాక్ష్యం చెప్పాలో వాళ్ళకి తెలుసు.

పోయినేడు సంక్రాంతికి విశాఖ వెళ్ళాను. నాన్న రిటైరై చాలాకాలమైంది. చెవులు మందగించాయి, మెట్లెక్కితే ఆయాసం. భోజనాలయ్యాక, "ఆ మొదటిసారి దిగావే, ఆ వీడియో ఉందా?" అని అడిగారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. టీవీకి తగిలించి పెట్టాను. తాడు పట్టుకుని దిగుతున్న నేను. నీలం. తర్వాత జింక కొమ్ములు, చేపలు. విస్తరి పగడం రాగానే, "అక్కడ ఆపు" అన్నారు. కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"దీని వయసెంతుంటుంది?"

"ఇరవై, పాతికేళ్ళు నాన్నా, అప్పటికి."

వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. "అంటే మేం గోదావరి వెలిగించినప్పుడు పుట్టిందన్నమాట. తొంభైలో." కాసేపాగి, "ఇప్పుడుందా?" అన్నారు.

అదే చోటికి నేను మళ్ళీ దిగలేదని చెప్పాను. అది నిజమే. దిగడానికి ధైర్యం చాలలేదని చెప్పలేదు.

మళ్ళీ ప్లే చేశాను. గదిలో ఫ్యాన్ ఆపి ఉంది. నా ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, పీల్చినప్పుడు బుస, వదిలినప్పుడు గలగల.

"గ్యాస్ లైన్ల దగ్గర పనుంటే మాకూ సిలిండర్ తగిలించి మాస్క్ పెట్టేవారు తల్లీ" అన్నారు నాన్న, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "సరిగ్గా ఇదే చప్పుడు. ఇంకేం వినపడేది కాదు."

రిమోట్ నా చేతికిచ్చి, సౌండ్ కొంచెం పెంచమన్నారు.